పొరపాటున పడిన రెండో బొమ్మ

"మీ గ్రూపులో మా ఆయన్ని తాబేలు అని పిలుస్తారట కదమ్మా. నేను ఆయన భార్యని. ఆయన పోయారు. నెల దాటింది. ఇక్కడ ఒక గది నిండా బొమ్మల పెట్టెలున్నాయి. ఇవేంటో, ఎవరికివ్వాలో నాకేం తెలీదు. ఆయన ఫోన్లో మీ నంబరు కనిపిస్తే చేశాను."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆమె కుర్చీలో కూలబడింది. నెల రోజులుగా తాబేలు ఒక్క మెసేజీ పెట్టలేదు. ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే జవాబిచ్చేవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పైగా "తాబేలు గారు డిప్పలోకి తల దూర్చేశారు, ఎండాకాలం వెళ్ళాక లేస్తారు" అని మొన్ననే ఆమె జోకు వేసింది. గ్రూపులో అందరూ నవ్వారు. అప్పటికే ఆ మనిషి లేడు.

ఆమెది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. గ్రూపులో ఆమెను ఎక్స్‌రే అనే పిలుస్తారు. ఉద్యోగం వల్ల సగం, పెట్టె పైనుంచి చూసి లోపల ఏముందో చెప్పేస్తుందని సగం. ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ ఓడలూ కట్టుకునే సెట్లు ఉంటాయి కదా, ఈ గ్రూపువాళ్ళు అవే సేకరిస్తారు. అయితే కంపెనీ సెట్ల జోలికి పోరు. ఎవరో ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక బొమ్మ ఊహించి, కొన్ని ఇటుకలు కొని, దొరకనివి తామే పోతపోసి, పెట్టెల్లో సర్ది, ఓ ఇరవై మందికి అమ్మి ఊరుకుంటారు. అలాంటివే వీళ్ళకు కావాలి. వాటికి నంబర్లుండవు, కరపత్రాలుండవు. చేసే మనిషి మానేస్తే ఆ సెట్టు పుట్టిందన్న ఆనవాలే మిగలదు. అందుకే ఎక్స్‌రే ఒక కేటలాగు మొదలుపెట్టింది. ప్రతి సెట్టుకూ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు, ముక్కల వివరాలు, చేసినవాళ్ళ గుర్తు, లోపాలు. "పెళ్ళిసంబంధానికి కూడా ఇంత ఆరా తియ్యరే తల్లీ" అని వాళ్ళమ్మ ఎగతాళి చేసేది.

"ఆదివారం వస్తానక్కా" అంది ఎక్స్‌రే.

తాబేలు ఇల్లు మూడంతస్తుల భవనంలో మొదటి అంతస్తు. వీధివైపు గదిలో ఆయన భార్య టైలరింగ్ షాపు నడుపుతుంది. కుట్టు మిషను, గోడకు వేలాడే సగం కుట్టిన జాకెట్లు, నేల మీద దారపు పోగులు. ఆవిడ యాభై దాటిన మనిషి. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే ఎదురొచ్చింది.

లోపలి గదిలో గోడ మీద తాబేలు ఫోటో ఉంది. గ్రూపు కలుసుకున్నప్పుడు ఆయన ఒక్కసారీ రాలేదు. అందుకని ఆయన ముఖం చూడడం ఎక్స్‌రేకు అదే మొదటిసారి. బట్టతల, గుబురు మీసం, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటు. నీటి పంపుల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడట. అక్కడే, బల్ల ముందు కూర్చునే, గుండె ఆగి పోయాడట.

"అంతా కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదన్నారు" అంది ఆవిడ, వేరెవరి సంగతో చెబుతున్నట్టు.

పెట్టెలు ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టారు. ఎక్స్‌రే ఫోటో తీస్తుంటే ఆవిడ బట్ట తాను తిప్పినట్టు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూపించేది. మధ్యాహ్నానికి పై అరకు చేరారు. అక్కడున్నవి చూసి ఎక్స్‌రే కెమెరా కింద పెట్టేసింది. అన్నీ పిచ్చుకగూడు సెట్లు.

పిచ్చుకగూడు అంటే ఎవరో ఎవరికీ తెలియదు. పెట్టె మూల చిన్న గూడు గుర్తు ముద్రించి ఉంటుంది, అంతే. ఆ మనిషి ఏళ్ళ తరబడి ఒకే రకం సెట్లు చేశాడు. ఒక పాత ఇంటి గదులు. ఒకసారి వంటగది, ఒకసారి వరండా, ఒకసారి పెరడు. లోపలి మనుషుల బొమ్మలు గోరంత ఉన్నా వాటి చీర కుచ్చిళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. కేటలాగులో ఆ సెట్ల కింద ఎక్స్‌రే రెండే లోపాలు రాసింది. ఒకటి, నేల పలకల గులాబీ రంగు ఏ కంపెనీ ఇటుకలోనూ లేదు. రెండోది, ప్రతి పెట్టెలోనూ ఒకే పిల్లవాడి బొమ్మ రెండుసార్లు పడుతోంది. ప్యాకింగ్ పొరపాటు కావచ్చు.

ఆ గదులన్నీ పూర్తిగా ఉన్నవాళ్ళు గ్రూపులో ఎవరూ లేరు. తాబేలు దగ్గర అన్నీ ఉన్నాయి.

"వీటి సీలు కూడా విప్పలేదక్కా! వీటిని మాత్రం విప్పొద్దు, పైనుంచే ఫోటో తీస్తాను" అంది ఎక్స్‌రే.

ఆవిడ టేపు అంచు మీద బొటనవేలు నడిపింది. "విప్పారమ్మా. విప్పి మళ్ళీ అంటించారు. ఇదిగో, రెండో అతుకు తగులుతోంది. జీవితమంతా కుట్లు విప్పి కుట్టేదాన్ని, నాకు తెలీదూ?"

చెప్పిందే తడవు కత్తెర అందుకుని టేపు కోసేసింది. లోపల విడి ముక్కల సంచులు లేవు. పాత మల్లు గుడ్డలో చుట్టి, కట్టి ఉన్న వంటగదే ఉంది. ఎక్స్‌రే దాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. అప్పుడు చూసి "అయ్యో!" అని అరిచినంత పని చేసింది.

"ఏమైంది?"

"మార్చేశారక్కా. చూడండి, అసలు సెట్టులో కిటికీ పొయ్యికి కుడివైపు ఉంటుంది. ఇక్కడ ఎడమవైపుంది. గోడలో ఈ గూడు అసలు లేనే లేదు. అటకకి నిచ్చెన కూడా ఈయన పెట్టిందే. మాలో ఎవరూ ఇలా చెయ్యరు, ఇది పాపం కింద లెక్క."

మిగతా పెట్టెలూ విప్పారు. అన్నిటిలోనూ అదే కథ. ఒకచోట తలుపు తెరుచుకునే వైపు మారింది. ఒకచోట మెట్టు ఎక్కువైంది. చివరికి పెరడు సెట్టు విప్పినప్పుడు, ఆవిడ ఉన్నట్టుండి ఎక్స్‌రే మణికట్టు గట్టిగా పట్టుకుంది.

పెరట్లో కొళాయి ఉంది. ఆ కొళాయి మూతికి సన్నని గుడ్డ పీలిక కట్టి, దాని కొన కింద బకెట్టులోకి వేలాడదీసి ఉంది.

"ఇలా రా" అంటూ ఆవిడ ఎక్స్‌రేని స్నానాల గదికి లాక్కుపోయింది. అక్కడ అసలు కొళాయికి గళ్ళ గుడ్డ పీలిక కట్టి ఉంది. కారే నీరు చప్పుడు చేయకుండా దాని వెంట బకెట్టులోకి జారుతోంది.

"నేను ఎన్నిసార్లు ఊడబీకినా మళ్ళీ కట్టేవారు. ఎక్కడ నేర్చుకున్నారండీ ఈ విద్య అంటే నవ్వి ఊరుకునేవారు." ఆవిడ ఆ పీలికను వేళ్ళతో పట్టుకుంది. "ఈ ఇల్లు ఆయనకి తెలుసమ్మా. నాతో మాత్రం నాకెవరూ లేరు, హాస్టల్లో పెరిగాను అన్నారు. పెళ్ళికి ఆయన వైపు నుంచి ఆఫీసువాళ్ళు తప్ప పురుగు కూడా రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి, ఒక్కసారైనా మా ఇల్లు అనే మాట ఆయన నోటి నుంచి వినలేదు."

గదిలోకి తిరిగొచ్చాక ఎక్స్‌రే మనుషుల బొమ్మలన్నీ వరుసగా నిలబెట్టింది. ఒక తల్లి, తెల్ల చొక్కాల పిల్లలు ఇద్దరిద్దరు. భూతద్దం తీసి ఒక్కొక్కటే పరీక్షించింది. రెండోదో మూడోదో చూస్తుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదటి బొమ్మకి వచ్చింది. తర్వాత చివరిదానికి వెళ్ళింది.

"అక్కా, ఇది నా ఫోటోల్లో లేదు. ప్రతి జంటలోనూ ఒక పిల్లాడికి కనుబొమ్మ మీద గీత ఉంది. బ్లేడుతో గీశారు. ఎడమ కనుబొమ్మ."

ఆవిడ భూతద్దం లాక్కుని చూసింది. గోడ మీది ఫోటో వైపు చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది.

"ఇది ఆయనే" అంది. తర్వాత, అరిచేతిలో మిగిలిన ఇంకో బొమ్మను చూస్తూ, "మరి వీడెవడు?" అంది.

ప్యాకింగ్ పొరపాటు అని ఎన్నిసార్లు రాసింది తను! ఆ రెండో పిల్లవాణ్ణి పొరపాటు కింద కొట్టేసింది.

గదులన్నీ నేల మీద పక్కపక్కన చేరిస్తే ఒకదాని గోడకు ఒకటి అతికినట్టు సరిపోయాయి. ఇల్లు ఇల్లంతా లేచి నిలబడింది. ముందువైపు మాత్రం ఖాళీ. వీధి తలుపు సెట్టు ఎప్పుడూ రాలేదు.

"చేసినవాడెవడో నాకు కావాలి" అంది ఆవిడ. అది అడగడంలా లేదు.

ఎలా వెతకాలో ఎక్స్‌రేకూ తెలియదు. ఆ ముడి ఆసుపత్రిలోనే విడింది. పళ్ళ విభాగంలో ఒక ముసలమ్మ దవడ ఎక్స్‌రే తీయాలంటే ఆవిడ కట్టుడు పళ్ళు తీసి ట్రేలో పెట్టింది. ఎక్స్‌రే ట్రే పక్కకు జరపబోయి, కొయ్యబారిపోయింది. చిగుళ్ళ రంగు. నేల పలకల గులాబీ అదే. ఇన్నేళ్ళుగా గ్రూపంతా రంగుల పట్టీలు ముందేసుకుని తలలు బద్దలుకొట్టుకున్న రంగు ఒక ముసలమ్మ నోట్లోంచి ఊడిపడింది!

పళ్ళ డాక్టరుని అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు. "బొమ్మలా? మా పళ్ళ సెట్లు పోతపోసే ఆయన చేస్తాడు. మా అమ్మాయికి ఓ పిల్లిని చేసిచ్చాడు, దాని మీసాలు కూడా ఉన్నాయి. మూతపడిన సినిమా హాలు వెనక సందులో పైవాటా. మంచాయనే కానీ నోరు విప్పడు."

సినిమా హాలంటే తాబేలు ఇంటి నుంచి రెండు బస్సులు మారితే చాలు. అదే ఊరు. ఆ మాట విన్నప్పుడు తాబేలు భార్య ముఖం పాలిపోయింది.

మర్నాటి ఉదయమే ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ దారి పొడుగునా వంటగది పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, సీటు ఖాళీ ఉన్నా కింద పెట్టలేదు. ఇరుకు మెట్లెక్కుతుంటే పైనుంచి అరగదీసే మిషను రొద, మైనం కాలిన వాసన. తలుపు తట్టగానే రొద ఆగింది. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వచ్చారు.

తలుపు తీసింది తాబేలు.

ఎక్స్‌రే పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చూసింది గోడ మీది ఫోటోనే, ఒక్క పూటే. అయినా అదే బట్టతల, అదే మీసం, అదే తల కొంచెం పక్కకు వంచి చూడడం. చేతిలో సగం చేసిన పళ్ళ వరస ఉంది. పక్కన తాబేలు భార్య కేక పెట్టలేదు. పెట్టెను ఇంకా గట్టిగా హత్తుకుని, గోడకు వీపు ఆనించి, అలాగే జారుతూ మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళు మాత్రం అతని ముఖం వదల్లేదు.

ఎడమ కనుబొమ్మ నిండుగా ఉంది. గాటు లేదు.

"ఎవరమ్మా మీరు? ఏమైంది ఆవిడకి? నీళ్ళు తెమ్మంటారా?" అన్నాడతను. గొంతు కూడా అదే కాబోలు. ఆ గొంతు వినగానే ఆవిడ చెవులు మూసుకుంది.

అప్పుడతను పెట్టె మీది గూడు గుర్తు చూశాడు. ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"వాడు పంపాడా?" అన్నాడు. మెట్ల కిందికి తొంగి చూశాడు. "వాడు పంపాడు కదా మిమ్మల్ని? కింద ఉన్నాడా? పైకి రాడా? ఒరేయ్!" అని మెట్లలోకి కేకేశాడు.

ఎక్స్‌రే తాబేలు భార్య వైపు తిరిగింది. ఆవిడే చెప్పింది. కూర్చున్నచోటి నుంచే, తల ఎత్తి.

"నేను ఆయన భార్యని. ఆయన లేరు. పోయారు."

అతను నవ్వు ముఖంతోనే ఉండిపోయాడు. విన్నది ఇంకా లోపలికి దిగలేదు. "ఎక్కడికి?" అన్నాడు.

అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. పిడికిలి బిగుసుకుంది. చేతిలోని పళ్ళ వరస అరిచేతిలో దిగి, గుచ్చుకుంటున్నా వదల్లేదు.

"గుండెపోటు" అంది ఎక్స్‌రే నెమ్మదిగా. "ఆఫీసులో. నెల దాటింది."

"నెలా?" అతను గడపలోనే చతికిలబడ్డాడు. "నెలన్నా కాదు, నెల దాటిందా? మరి నాకేం కాలేదే! నేను రోజూ అన్నం తిన్నాను. పని చేసుకున్నాను. పడుకున్నాను. కవలలకి తెలిసిపోతుందంటారే, ఒకళ్ళకి దెబ్బ తగిలితే రెండోవాళ్ళకి నొప్పెడుతుందంటారే. అబద్ధం. అంతా అబద్ధం. నాకేం తెలీలేదు."

మెట్టు మీద ఆవిడా, గడపలో అతనూ, మధ్యలో వంటగది పెట్టె. ఆవిడ అడిగింది. "ఎందుకు? మీరున్నారని ఆయన నాతో ఎందుకు చెప్పలేదు?"

అతను నేల చూస్తూ చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పెంచింది. ఇద్దరూ ఉద్యోగాల్లో కుదురుకుంటున్న రోజుల్లో తల్లికి కడుపులో పుండు పగిలింది. ఆపరేషను చేస్తే బతకవచ్చు, పోనూ వచ్చు అన్నారు డాక్టర్లు. తను వద్దన్నాడు. తాబేలు సంతకం పెట్టాడు. తల్లి బల్ల మీదే పోయింది.

"ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, అమ్మని నువ్వే చంపావురా అన్నాను. వాడు ఒక్క మాట అనలేదు. బయటికెళ్ళి టీ తాగొస్తాడనుకున్నాను. రాలేదు. ఎక్కడున్నాడో తెలుసుకునేసరికి పెళ్ళయింది, ఇల్లుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. చేతులతో చెయ్యడం ఒకటే వచ్చు. వాడికి చిన్నప్పట్నుంచీ ఈ ఇటుకల పిచ్చి. అందుకని మా ఇల్లు చేశాను. ఇరవై పెట్టెలు అమ్మితే ఇరవైలో ఒకటి వాడికి చేరకపోతుందా అని. వీధి తలుపు ఒక్కటీ చెయ్యలేదు. అది కూడా అయిపోతే ఇంక పంపడానికేం మిగల్దని భయం."

"చేరింది" అంటూ ఆవిడ పెట్టె తెరిచి అతని ముందుకు జరిపింది. "అన్నీ చేరాయి."

అతను లోపలికి చూశాడు. ముందు భృకుటి ముడిపడింది, తన పని ఎవరో పాడుచేశారన్నట్టు. ఒక వేలు కిటికీ మీద పెట్టాడు. నిచ్చెన మీద పెట్టాడు. మళ్ళీ కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ఎడమవైపే" అన్నాడు. "కిటికీ ఎడమవైపే. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటే వెలుగు ఈ చెంప మీద పడేది. నేను మర్చిపోయాను. వాడికి గుర్తుంది." గూటిలో వేలు పెట్టాడు. "మా బెల్లం డబ్బా ఇక్కడే ఉండేది. ఒరేయ్, ఇదెలా మర్చిపోయానురా నేను..."

పిల్లవాడిలా, నోరు తెరిచి, వెక్కి వెక్కి ఏడ్చాడు. భర్త పోయినప్పుడు కూడా ఏడవని ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఎక్స్‌రే కెమెరా సంచిలో పెట్టేసి, కింది మెట్టు మీద కూర్చుని, వీధి వైపు ముఖం తిప్పుకుంది.

కాసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "మీలో ముందు పుట్టిందెవరు?"

"వాడే. కాస్తలో. ఆ కాస్తకే జీవితమంతా పెత్తనం చేశాడు."

"అయితే నాకు మరిదివి." ఆవిడ అక్కడితో మీరు అనడం మానేసింది. "లే. మొహం కడుక్కో. ఇంటికి పోదాం పద."

అతను ఆవిడ వైపు నమ్మలేనట్టు చూశాడు. "వదినా" అన్నాడు. ఆ మాట నోటికి కొత్త, ఎక్కడ నొక్కాలో తెలియనట్టు పలికాడు. "నన్ను చూస్తే మీకు కష్టం కదా."

"కష్టమే" అంది ఆవిడ. "మాట్లాడకుండా కూర్చుంటే ఇంకా కష్టం. నువ్వు మాట్లాడుతూ ఉండు, ఆయనెప్పుడూ ఇంతసేపు మాట్లాడలేదు. తేడా తెలుస్తుంది."

ఆ పూట ఒకటే సంగతి ముగ్గురూ మర్చిపోయారు. భవనం గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆటో ఆగింది. ముందు ఎక్స్‌రే దిగింది, తర్వాత ఇంటావిడ, ఆ తర్వాత, నెల కిందట తను స్వయంగా పాడెకు భుజం పట్టి సాగనంపిన మనిషి పెట్టె చంకలో పెట్టుకుని దిగాడు.

గ్లాసు ఒకవైపు, స్టూలు ఒకవైపు. వాచ్‌మన్ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్" అన్నాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు నోటికొచ్చింది. "సార్, మీ ఉత్తరాలు లోపల పెట్టాను సార్."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ అది ఆగే నవ్వు కాదు. గేటు పట్టుకుని, వంగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వింది. ఎక్స్‌రే ఆవిడ భుజం పట్టుకుని తనూ నవ్వేసింది. కొత్తగా వచ్చిన మనిషి మాత్రం నవ్వలేదు. పెట్టెను జాగ్రత్తగా గోడ మీద పెట్టి, వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేడి తగలగానే వాచ్‌మన్ ఊపిరి వదిలాడు.

"సారు కాదు బాబూ" అన్నాడతను. "నేను ఆయన తమ్ముణ్ణి."